పక్క సీటు బ్రేకు

"బుజ్జీ, మీ నాన్నగారిని అడుగమ్మా, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో."

బుజ్జికి ఎనిమిదో నెల. పై పళ్లు కూడా రాలేదు. అయినా ఆ ఇంట్లో రాయబారమంతా దాని నెత్తినే పడింది. ఎత్తు కుర్చీలో కూర్చుని చెంచా నాకుతూ అది "బబ్బబ్బ" అంది.

అల్లుడు కంచంలోంచి తలెత్తకుండానే, "అమ్మమ్మకి చెప్పు బుజ్జీ, సరిగ్గా సరిపోయిందని," అన్నాడు.

సరిపోలేదని, రెండింతలు పడిందని వంటగది గుమ్మం చాటున నిలబడ్డ అమ్మమ్మకి తెలుసు. దించేటప్పుడు రుచి చూసి నాలుక కరుచుకుంది కూడా. ఎంత మంచివాడు ఈ అబ్బాయి అని మురిసిపోయి, పెరుగు ఎక్కువ వేసుకోమని చెప్పబోయి, చెప్పడమెలాగో తోచక, గిన్నె తెచ్చి బల్ల చివర పెట్టి మళ్లీ గుమ్మం చాటుకి వెళ్లిపోయింది.

మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలని ఊరంతా గోల పెడుతుంటే ఆవిడకి నవ్వొచ్చేది. అత్తా అల్లుళ్లకి ఇదేం కొత్త? పెళ్లినాటి నుంచీ పాటిస్తున్నదేగా! అల్లుడి ఎదట కూర్చోకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, ఏం కావాలన్నా కూతురి చేత అడిగించాలి. ఆవిడ తల్లి అలాగే చేసింది, ఆ తల్లికి తల్లీ అలాగే చేసింది. కూతురు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ మర్యాదకి ఏ లోటూ రాలేదు. పురుడు పోసి వెళ్లిపోదామని వచ్చిన మనిషి, లోకమంతా జబ్బు పాకి విమానాలు ఆగిపోయి ఈ పరాయి దేశంలో చిక్కుకుపోయింది. నర్సు ఉద్యోగం చేసే కూతురేమో డ్యూటీలో చేరి ఆసుపత్రి క్వార్టర్సులోనే ఉండిపోయింది. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇంట్లో అత్తా అల్లుడూ మిగిలారు. మధ్యలో బుజ్జి.

లిఫ్టు దగ్గర కూడా అంతే. అల్లుడు ముందు దిగి వెళ్లేవాడు. లిఫ్టు ఖాళీగా తిరిగొచ్చాక అమ్మమ్మ బుజ్జిని ఎత్తుకుని ఎక్కేది. అంత ఇరుకు డబ్బాలో అల్లుడి పక్కన నిలబడడమా! రామ రామ!

*

అల్లుడు కారు నడపడం నేర్పే బడిలో పని చేస్తాడు. బడి మూసేశారు కాని, ఒక కారు ఇంటి దగ్గరే పెట్టుకుని చూసుకోమన్నాడు యజమాని. నాలుగు రోజులు కదలకపోతే బండి బ్యాటరీ నిద్రపోతుంది, బండి కదిలితే గాని బుజ్జి నిద్రపోదు. అందుకని రెండు రోజులకోసారి మధ్యాహ్నం పూట ముగ్గురూ బయల్దేరేవాళ్లు. ఊరు దాటకూడదని ఆంక్ష. ఊళ్లో చూడదగ్గవన్నీ మూసేశారు. ఇక మిగిలినవి చూడదగనివే.

అమ్మమ్మకి అవే కావాలి. ఆవిడ కళ్లకి ఆకలెక్కువ. గోడలకేసి బంతి కొట్టుకుంటున్న పిల్లాడు, పట్టీలు కట్టేసిన పార్కు బెంచీలు, కుర్చీలు బోర్లించిన హోటళ్లు, ఏ కార్లూ లేకపోయినా వంతులవారీగా రంగులు మార్చుకుంటున్న ట్రాఫిక్ దీపాలు. "ఎవరి కోసమే బుజ్జీ ఇంత బుద్ధిగా వెలుగుతున్నాయి ఇవి?" అని అడిగేది. ముందు నుంచి జవాబొచ్చేది, "వాటికి ఎవరూ చెప్పలేదు బుజ్జీ."

ఒకరోజు విమానాశ్రయం కంచె పక్కకి తీసుకెళ్లాడు. విమానాలన్నీ రెక్కకి రెక్క ఆనించినంత దగ్గరగా బారులు తీరి ఉన్నాయి. ఇంజన్లకి ఎర్రటి గుడ్డలు కట్టారు.

"ఓసి నీ! విమానాలకి కూడా మాస్కులేనా?"

అల్లుడు ఫక్కున నవ్వాడు. నవ్వి, అత్తగారి ముందు నవ్వేశానే అని సర్దుకుని దగ్గాడు. పిట్టలు గూళ్లు కట్టకుండా అలా మూస్తారని బుజ్జికి చెప్పాడు. అమ్మమ్మ కంచె పట్టుకుని చాలాసేపు చూసింది. తనని తీసుకెళ్లాల్సింది వీటిలో ఏదోనని తెలుసు. అయినా ఇంటి మీదకి పోలేదు మనసు. ఇంత పెద్ద విమానానికి ఇంత చిన్న చక్రాలా అనే ఆశ్చర్యంలోనే ఉండిపోయింది.

వెనక్కొచ్చి బుజ్జి సంచీ ముందు సీట్లో పెడుతుంటే కింద ఏదో తగిలింది. వంగి చూస్తే పెడల్స్. తొక్కడానికి డ్రైవరు కాళ్ల దగ్గర ఉన్నట్టే ఇక్కడా ఉన్నాయి.

"ఇదేం బండే బుజ్జీ? ఇద్దరు తోలతారా?"

"నేర్చుకునేవాళ్లు అటు కూర్చుంటారు బుజ్జీ, నేను ఇటు. వాళ్లు తడబడితే నేను తొక్కడానికి పక్కన ఇంకో బ్రేకు. నా బతుకంతా ఆ బ్రేకు మీదే." తలుపు వేస్తూ మళ్లీ తనే అన్నాడు, "తొందరపడి తొక్కితే వాళ్లు బెదిరిపోతారు. అలాగని మరీ చూస్తూ కూర్చుంటే గోడకి గుద్దేస్తాం. ఎప్పుడు తొక్కాలో తెలియడమే ఈ పనిలో విద్యంతా."

"మీ నాన్నగారికి ఓపిక ఎక్కువలే," అంది అమ్మమ్మ. మెచ్చుకోలుగానే అంది.

*

ఎటు తిరిగినా చివరికి బండి ఆసుపత్రి వెనక గుట్ట దగ్గర ఆగేది. రోడ్డుకి అవతల క్వార్టర్సు. మూడో అంతస్తు వరండాలోకి కూతురు వచ్చి నిలబడి చెయ్యి ఊపేది. అంత దూరం నుంచి మొహం కనబడదు, నీలం రంగు చొక్కా ఒక్కటే కనబడేది. ఫోన్లో మాత్రం మొహమంతా వచ్చేది.

"అదుగో అమ్మ! అటు చూడవే! అదుగో!"

బుజ్జి అటు చూసేది కాదు. ఫోను లాక్కుని గాజు మీద మూతి పెట్టి ఎంగిలి చేసేది. దాని లెక్కలో అమ్మంటే అరచేతిలో పట్టేంత మనిషి. అదృశ్యమైపోతే ఫోను తిప్పి వెనకవైపు వెతికేది.

"నన్ను మర్చిపోతోందమ్మా," అంది కూతురు ఓసారి. నవ్వుతూనే అంది గాని, ఫోను కాస్త పక్కకి తిప్పేసుకుంది.

"ఊరుకో. కన్నతల్లిని మర్చిపోతారా ఎవరైనా?" అని అమ్మమ్మ కసిరింది కాని, ఆ రాత్రి తిండి సయించలేదు. ఇంకెన్నాళ్లు? ఆ పిల్ల గడప దాటి లోపలికొచ్చి, దీన్ని ఒళ్లోకి తీసుకునేదెప్పుడు? ఆవిడకి ఇప్పుడున్న కోరికల్లా ఆ ఒక్కటే.

ఆసుపత్రి వాళ్లు ఇళ్లకి వదలరని అల్లుడు మొదట్లోనే చెప్పాడు. సరే, రోగాల రోజులు, వాళ్ల జాగ్రత్త వాళ్లది అనుకుంది.

కాని ఆవిడ కళ్లు ఊరుకునేవి కావే! ఒక బుధవారం డ్యూటీ మారే వేళకి గుట్ట మీద ఉన్నారు. కింద ఆసుపత్రి పెద్ద గేటు తెరుచుకుంది. నీలం చొక్కాల వాళ్లే, భుజాలకి సంచులు తగిలించుకుని బిలబిలా బయటికొచ్చారు. ఒకమ్మాయి సైకిలెక్కింది. ఇంకొకామె బస్సు కోసం నిలబడింది. మరొకామె కోసం కారులో మొగుడూ, చిన్న పిల్లాడూ వచ్చారు. పిల్లాడు పరిగెత్తుకెళ్లి ఆమె కాళ్లు చుట్టేశాడు.

అమ్మమ్మ బుజ్జిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది.

"బుజ్జీ, మీ నాన్నగారిని అడుగు. వాళ్లంతా ఎక్కడికెళ్తున్నారో."

అల్లుడు బండి అద్దం తుడుస్తున్నాడు. ఆ అద్దానికి ఏ మరకా లేదు.

"అడగవే. వాళ్లని వదిలిన ఆసుపత్రి మీ అమ్మని ఎందుకు వదల్లేదో."

అల్లుడు గుడ్డ మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. చివరికి బుజ్జి దగ్గరికొచ్చి దాని సాక్సు సర్దుతూ, దానికే చెప్పాడు.

"ఆసుపత్రి వాళ్లు కాదు బుజ్జీ. మన మేడ వాళ్లు. లిఫ్ట్ ఎక్కొద్దన్నారు. పోనీ మెట్లెక్కి వస్తుందన్నాను. మెట్ల పక్క కమ్మీ అందరూ పట్టుకుంటాం కదా అన్నారు. ఈ జబ్బు తగ్గేదాకా మీ ఆవిడ బయటెక్కడైనా ఉంటే అందరికీ మంచిదన్నారు."

"ఎవరా అన్నది?"

"తాళాలాయనే చెప్పాడు. కాని అందరి తరఫునా అన్నాడు."

తాళాలాయనంటే మేడకి పెద్ద. నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడేసుకుని గేటు దగ్గర తిరుగుతుంటాడు. ఆ పేరు అమ్మమ్మ పెట్టిందే.

"మరి మీ నాన్నగారేమన్నారట?"

అల్లుడు సాక్సు ఇంకా సర్దుతూనే ఉన్నాడు. "క్షమించండి అన్నాను."

ఆ దేశపు భాషలో అమ్మమ్మకి వచ్చిన మాటలు రెండే. ఒకటి నమస్కారం, రెండోది క్షమించండి. ఆ రెండోది అల్లుడు రోజంతా అంటుండగా విని నేర్చుకుంది. లిఫ్టులో ఎవరైనా ఎదురైతే క్షమించండి. బుజ్జి ఏడిస్తే పక్కింటి గోడకేసి కూడా క్షమించండి.

"అద్దె ఇల్లు బుజ్జీ," అన్నాడతను మెల్లిగా. "ఈ రోజుల్లో ఆసుపత్రి మనిషుందంటే ఇంకో ఇల్లు ఎవరిస్తారు? మీ అమ్మే అంది, గొడవొద్దు, అమ్మమ్మకి చెప్పొద్దు, బాధపడుతుందని."

అమ్మమ్మకి కోపం రాలేదా అంటే అరికాలి నుంచి నడినెత్తికెక్కింది. కాని ఎవరి మీద? నోట్లో నాలుక లేని ఈ అబ్బాయి మీదా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. బుజ్జిని సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించి, "పోదాం అను," అంది.

*

పొద్దుగూకే వేళకి ఆ వీధిలో చప్పట్లు కొట్టేవాళ్లు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి జేజేలు అవి. రోజూ ఒకటే వేళకి బాల్కనీలన్నీ నిండిపోయేవి. మొదటి రోజు సంగతేమిటో అల్లుడు బుజ్జికి చెప్పగా విని, అమ్మమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ముక్కూమొహం తెలియని వాళ్లంతా నా కూతురి కోసం చప్పట్లు కొడుతున్నారే అని పొంగిపోయి, అరచేతులు కందిపోయేలా కొట్టింది. ఎదుటి బాల్కనీలో పూలకుండీల మధ్య నిలబడే ముసలావిడతో స్నేహం కూడా కుదిరింది. మాటలు లేని స్నేహం. చప్పట్లయ్యాక ఈవిడ చెయ్యి ఊపేది, ఆవిడా ఊపేది. ఓ రోజు ఆవిడ కొత్తగా పూసిన కుండీ ఎత్తి చూపిస్తే ఈవిడ బుజ్జిని ఎత్తి చూపించింది.

ఆ బుధవారం సాయంత్రం మాత్రం అమ్మమ్మ బాల్కనీలోకి వచ్చింది గాని, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది. చప్పట్లు మోగుతున్నాయి. కింద గేటు దగ్గర తాళాలాయన అందరికంటే గట్టిగా కొడుతున్నాడు, నడుం దగ్గర తాళాలు కూడా తాళం వేస్తున్నాయి. పూలకుండీలావిడ చెయ్యి ఊపింది.

'నువ్వు కూడా అన్నావుటే?' అనుకుంది అమ్మమ్మ. అడగడానికి భాష లేదు. బుజ్జి రాయబారం అంత దూరం పోదు. చెయ్యి ఊపకుండానే లోపలికొచ్చేసింది.

మర్నాడు కూతురు ఫోను చేసింది. పరీక్షలో ఏమీ లేదని తేలిందట, శనివారం నుంచి వారం రోజులు సెలవిచ్చారట.

"ఇక్కడే ఉంటానమ్మా. నిద్ర కరువు తీరుతుంది," అంది.

అమ్మమ్మ తెలిసినట్టు బయటపడలేదు. "అలాగే ఉండు తల్లీ. ఒక్క పూట మాత్రం మాతో కార్లో తిరుగుదువు గాని. నీ కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని."

"సరే అమ్మా."

*

శనివారం మధ్యాహ్నం గుట్ట కింద కూతురు కారెక్కింది. ఆసుపత్రిలోంచి నేరుగా వచ్చిందేమో నీలం చొక్కాలోనే ఉంది. చిక్కిపోయింది, మాస్కు తాడు ఒరుసుకుని చెవుల వెనక కాయలు కాశాయి. వెనక సీట్లో బుజ్జి కుర్చీ పక్కన కూర్చుని రెండు చేతులూ చాపింది.

బుజ్జి ఆమెకేసి ఎగాదిగా చూసింది. మూతి ముడిచింది. తర్వాత చెయ్యి చాపింది, అమ్మ వైపు కాదు, ఆమె ఒళ్లో ఉన్న ఫోను వైపు.

కూతురు గబుక్కున కిటికీలోంచి బయటికి చూసింది. అల్లుడు అద్దంలో చూసి కళ్లు దించుకున్నాడు.

పిల్ల కుర్చీ, సంచులూ పోగా వెనక ఇక చోటు లేదు. అమ్మమ్మ ముందు తలుపు దగ్గర నిలబడింది. అల్లుడి పక్కన, అదీ ముందు సీట్లో, దొరసానిలా! చుట్టాలెవరైనా చూస్తే నవ్విపోతారు. చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని, తలుపుకి అతుక్కుపోయినట్టు కూర్చుంది. కాళ్ల దగ్గర ఆ పెడల్స్ తగిలాయి.

"అమ్మమ్మకి చెప్పు బుజ్జీ, మధ్యలో వెడల్పుగా ఉందే అది బ్రేకు. దాని మీద కాలు పెట్టొద్దని," అన్నాడు అల్లుడు.

కూతురు కళ్లు తుడుచుకుంటున్నదల్లా ఆగింది. "మీరింకా ఇలాగే మాట్లాడుకుంటున్నారా?"

అల్లుడు గబుక్కున బండి తీశాడు.

విమానాల దగ్గరికెళ్లారు. నదీ తీరానికెళ్లారు. అక్కడ బుజ్జి ఆ కొత్త మనిషి ముక్కు పట్టుకుని చూసింది, జడ లాగి చూసింది. ఒళ్లో మాత్రం ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఇంకో గంట అయితే అలవాటయ్యేదే, అప్పటికే అల్లుడు వెనక్కి తిరుగుదామన్నాడు.

"ఇంకో చుట్టు తిప్పమను," అంది అమ్మమ్మ. "పిల్లకి నిద్ర రావాలిగా."

తిప్పాడు. మళ్లీ బయల్దేరబోతే అమ్మమ్మకి దాహమేసింది. నీళ్ల సీసా వెనకెక్కడో ఉంది, అది తీసి తాగేసరికి ఇంకాస్త పొద్దు వాలింది. ఆవిడ అంత తీరిగ్గా నీళ్లు తాగడం కూతురెప్పుడూ చూడలేదు.

"అమ్మమ్మకి చెప్పు బుజ్జీ," అన్నాడు అల్లుడు వీధి మలుపు దగ్గర. "గేటు ముందు ఆపను. వెనక సందులో మీ ఇద్దర్నీ దించేస్తాను, అక్కడైతే ఎవరూ చూడరు. తర్వాత అమ్మని క్వార్టర్సులో దింపొస్తాను."

అమ్మమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

బండి వీధిలోకి తిరిగింది. ఎక్కడో మొదటి చప్పట్లు మొదలయ్యాయి. మేడ మేడా అందుకుంది. బాల్కనీల్లో పిల్లలు గిన్నెలు వాయిస్తున్నారు. గేటు దగ్గర తాళాలాయన చేతులు పైకెత్తి కొడుతున్నాడు. కూతురు సీట్లో కిందికి జారి తల వంచుకుంది. తనకోసం కొడుతున్న చప్పట్లకి దొంగలా దాక్కుంటున్న ఆ పిల్లని అమ్మమ్మ వెనక్కి తిరిగి చూసింది. చూసి, కాలు ఎత్తి, వెడల్పుగా ఉన్న ఆ పెడల్ మీద బలం కొద్దీ తొక్కింది.

బండి ఒక్క కుదుపు కుదిపి గేటుకి ఎదురుగా నిలిచిపోయింది. ఇంజను ఆగిపోయింది.

"అమ్మా! ఏం చేశావే!"

అమ్మమ్మ కూతురి వైపు తిరగలేదు. బుజ్జి వైపు కూడా తిరగలేదు. అల్లుడి మొహంలోకి సూటిగా చూసింది. గడ్డం కింద చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసింది ఆవిడకి.

"అల్లుడుగారూ, ఇల్లొచ్చింది. దిగండి."

అతను బిత్తరపోయాడు. చెయ్యి తాళంచెవి మీదకి పోయింది. మళ్లీ తిప్పితే బండి కదులుతుంది, వెనక సందు అక్కడే ఉంది. అత్తగారి కాలు కేసి చూశాడు. అది ఇంకా బ్రేకు మీదే ఉంది.

"గొడవవుతుందండీ," అన్నాడు.

"ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలన్నారు బాబూ. చప్పట్లు కొడుతున్నప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?"

అల్లుడు తాళంచెవి తిప్పలేదు. బయటికి లాగి జేబులో వేసుకున్నాడు.

అతను దిగి వెనక తలుపు తీశాడు. నీలం చొక్కాతో, భుజాన సంచీతో, చంకలో బుజ్జితో కూతురు వీధిలో నిలబడింది. పై బాల్కనీల్లో చప్పట్లు ఒక్కొక్కటే తగ్గాయి. సంగతి తెలియని పిల్లాడెవడో గిన్నె వాయిస్తూనే ఉన్నాడు, వాణ్ణి ఎవరో లోపలికి లాక్కెళ్లారు. ఒకళ్లిద్దరు తలుపులు వేసుకున్నారు. పూలకుండీలావిడ మాత్రం కదల్లేదు. నీలం చొక్కాని చూసింది, చంకలో బుజ్జిని గుర్తుపట్టింది. చేతులు గాల్లోనే ఆగిపోయాయి. కాసేపటికి మళ్లీ మొదలెట్టింది, మెల్లిగా, ఒక్కతే.

తాళాలాయన ముందుకొచ్చి అల్లుడితో ఏదో అన్నాడు. అల్లుడు జవాబు చెప్పాడు. పెద్ద గొంతుతో కాదు, నేర్చుకునేవాళ్లకి మలుపు చెప్పే గొంతుతోనే. ఆసుపత్రి వైపు చూపించాడు, లిఫ్టు వైపు చూపించాడు. అమ్మమ్మ చెవులు రిక్కించి వింది. ఆవిడ వెతికేది ఒక్క మాట కోసమే. ఆ రెండో మాట కోసం. ఎంతసేపు విన్నా అది అల్లుడి నోట రాలేదు.

తాళాలాయన పైకి చూశాడు. వీధంతా తననే చూస్తోంది. కొట్టిన చప్పట్లకి చేతులింకా ఎర్రగానే ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియక, ఆయన అలవాటు కొద్దీ చేసే పనే చేశాడు. గేటు తెరిచి పక్కకి తప్పుకున్నాడు.

"నేను మెట్లెక్కుతానమ్మా," అంది కూతురు లోపలికి రాగానే.

"లిఫ్టులోనే," అన్నాడు అల్లుడు.

ముగ్గురూ ఎక్కారు. అమ్మమ్మ అలవాటుగా బయటే ఆగిపోయింది. అల్లుడు తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, "రండి అత్తయ్యగారూ," అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి, కొంగు సర్దుకుని ఎక్కేసింది. భుజానికి భుజం తగిలింది. ఆకాశమేమీ ఊడిపడలేదు.

లిఫ్టు లోపల గోడంతా అద్దం. బుజ్జి అందులో అమ్మని చూసింది. గాజులో కనబడిందిగా, గుర్తుపట్టేసింది. కిలకిలమని ముందుకి వంగి అద్దం మీద మూతి పెట్టింది. తర్వాత అలవాటు ప్రకారం ఇంకో వైపు వెతకడానికి తిరిగింది. ఈసారి అక్కడ మనిషి ఉంది. బుజ్జి ఆ బుగ్గ తడిమింది, తడిసిన చెయ్యి చూసుకుంది, మళ్లీ తడిమింది. మెడ చుట్టూ చేతులు వేసి తల వాల్చేసింది. కూతురు ఏడుస్తూనే నవ్వింది.

"అల్లుడుగారూ, నాలుగు నొక్కారా?"

"నొక్కానండీ. రాత్రికి కూరలో మాత్రం ఉప్పు కాస్త తగ్గించండి అత్తయ్యగారూ."

కూతురు తడి కళ్లతో ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అమ్మా! ఎప్పట్నుంచి మీరిద్దరూ ఇలా మాట్లాడుకోవడం?"

అమ్మమ్మకి సిగ్గు ముంచుకొచ్చింది. మొహం బుజ్జి వైపు తిప్పుకుంది.

"బుజ్జీ, మీ అమ్మకి చెప్పు, ఇప్పుడే మొదలెట్టామని."